క్రాసు దగ్గర రెండు హారన్లు

నా కాళ్లకు కుదురు లేదు. "ఇది కాళ్లకు చక్రాలు కట్టుకొని పుట్టింది" అని మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. పెద్దమండ్యం వైపు మెట్ట పల్లెలో పుట్టినదాన్ని. అక్కడ నీళ్లకైనా, బడికైనా, పేరంటానికైనా నడవాల్సిందే కాబట్టి ఆ మాట పొగడ్తో తిట్టో నాకు చాన్నాళ్లు తెలియలేదు. పెళ్లయి మదనపల్లెకు వచ్చాక తిట్టేనని తేలింది. మా ఆయనకు టమోటా మండీ. మండీ వాళ్లింటి ఆడవాళ్లు నిమ్మళంగా కూర్చోవాలి, వచ్చిన వాళ్లకు కాఫీ ఇవ్వాలి. నేను కాఫీ ఇచ్చి, వాళ్లు గ్లాసు కింద పెట్టేలోపు నాలుగుసార్లు వీధిలోకి వెళ్లొచ్చేదాన్ని. అందుకే టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు ఎంత దూరమని కూడా అడగకుండా చేరిపోయాను.

తొంభైల మధ్య సంగతి. పొద్దున పుంగనూరు బస్సెక్కి, సగం దారిలో ఒక క్రాసులో దిగి, అక్కడినుంచి మట్టి దారిలో మూడు కిలోమీటర్లు లోపలికి నడిస్తే మా బడి. ఏడో తరగతి దాకా ఉండేది. క్రాసుకు అటొకటి ఇటొకటి రెండు చిన్న పల్లెలు. వాటికీ బడికీ మధ్యలో రాళ్ల క్వారీ. క్వారీ దగ్గర ఎప్పుడూ నలుగురైదుగురు లారీల వాళ్లు బీడీలు కాలుస్తూ దారిన పోయేవాళ్లను చూస్తుండేవాళ్లు. నేను వాళ్లను అంతకన్నా గట్టిగా చూస్తూ పోయేదాన్ని.

చేరిన రెండో నెలలో, క్రాసు దాటగానే వాగు నీళ్లకు కట్టిన మోరీ గోడ మీద ఒక ముసలామె కూర్చొని ఉంది. పక్కన పదేళ్ల పిల్ల, మెడకు గుడ్డసంచి.

"నువ్వేనా కొత్త టీచరమ్మ?"

"అవునవ్వా."

"ఇది నా మనవరాలు. ఆ క్వారీ దావలో ఆడబిడ్డను ఒంటిగా యాడ పంపేది? యాడాదిగా ఇంట్లోనే ఉండాది. నీతో పాటు పిల్సకపో. సాయంత్రం మళ్లా ఈడికే తెచ్చి ఇడిసిపెట్టు."

అది అడగడం కాదు, పని పురమాయించడం. నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం పాఠాలు చెప్పడానికా, పిల్లల్ని తోలుకుపోవడానికా అనుకున్నాను. కానీ ఆ పిల్ల అప్పటికే దారి పట్టింది. నేనూ గట్టిగా నడిచేదాన్నే, అది నాకన్నా ముందు. క్వారీ మలుపులో ఒక బండ ఎక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకొని వెనక్కి తిరిగి అరిచేది: "ఎంతసేపమ్మా, బిరీన రాండి!" నాలాంటి కాలు నిలవని మనిషి ఇంకొకరు దొరికారని నాకు లోపల్లోపల సంతోషమైంది. క్లాసులో మాత్రం దాన్ని అందరికన్నా ఎక్కువ తిట్టేదాన్ని.

వారానికి ఇంకో పిల్ల వచ్చింది. తర్వాత అక్కాచెల్లెళ్లు ఇద్దరు. రెండో ఏడు తిరిగేసరికి మోరీ దగ్గర పదకొండు మంది. దారంతా ఎక్కాలు, చాడీలు, చింతకాయలు. చెప్పుల్లో ముళ్లు తీసుకోవడానికి ఒకరు ఆగితే అందరూ ఆగేవాళ్లు. క్వారీ దగ్గర మాత్రం ఎవరూ చెప్పకుండానే దగ్గర దగ్గరగా నడిచేవాళ్లు.

ఆ రోజుల్లో నన్ను బాగా విసిగించిన మనిషి ఒకడే, ఆ బస్సు డ్రైవరు. ఏళ్ల తరబడి అదే రూటులో నలిగినవాడు, మీసాలు నెరిసినవాడు. నేను క్రాసులో దిగి రెండడుగులు వేయగానే, బస్సు కదిలిస్తూ రెండుసార్లు హారన్ కొట్టేవాడు. మామూలుగా కాదు, దీర్ఘంగా. ప్రతిరోజూ గుండె ఝల్లుమనేది. నేను బస్సాగక ముందే మెట్లమీద నిలబడి తొందర పెడతానని వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"దిగినాక ఆ ఆరను యాల కొడతావప్పా? చెవులు పోతాండాయి."

"అలవాటైపోయిందమ్మా" అని నవ్వి ఊరుకున్నాడు. మరుసటి రోజు మళ్లీ కొట్టాడు.

మూడేళ్లు ఇలా గడిచాయి. మొదట వచ్చిన ముసలామె మనవరాలు ఏడో తరగతికి వచ్చింది. ఏడు పాసైతే పుంగనూరు హైస్కూల్లో చేర్చి, అక్కడే హాస్టల్లో సీటు ఇప్పిస్తానని ముసలామెకు మాటిచ్చాను. "నీ ఇష్టం, నీ పిల్లే అనుకో" అంది. ఆ ఏడాది నాకు అదే ధ్యాస.

ఆ ఏడే మాకు టమోటా కలిసొచ్చింది. మా ఆయన బెంగళూరు వెళ్లి ఒక సెకండ్ హ్యాండ్ తెల్ల కారు తెచ్చాడు. ముందు పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు, వీధంతా వచ్చి చూడ్డం. మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "నీకోసరమే కొనింది. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు వాస్తాండాయి నీకు. ఇంగ పిల్లోడు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటావు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు, అబద్ధం చెప్పను. నేనూ వద్దనలేదు. ఇంకా నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. అద్దం దించి చెయ్యి బయట పెట్టుకొని, బస్సును దాటుకొని పోతుంటే గొప్పగా అనిపించింది. బస్సు కిటికీలోంచి తెలిసిన వాళ్లెవరైనా చూస్తున్నారా అని కూడా చూశాను.

మొదటి రోజే తప్పు చేశాను. మోరీ దగ్గర పదకొండు మంది నిలబడి ఉన్నారు. కార్లో పట్టేది నలుగురు. ముందు నిలబడిన నలుగురిని ఎక్కించుకున్నాను. ముసలామె మనవరాలు ఎక్కనంది. "నేను నడుచుకొనే వస్తా" అని క్వారీ వైపు పోయింది. ఎక్కినవాళ్లు నలుగురూ అటు పల్లెవాళ్లు, భూములున్న ఇళ్ల పిల్లలు. మిగిలిన వాళ్లలో ఎక్కువమంది ఇటు పల్లెవాళ్లు. నేను వరసే చూశాను. ఊళ్లు మాత్రం ఇంకోటి చూశాయి. సాయంత్రానికి ఇటు పల్లె ఆడవాళ్లు మోరీ దగ్గర నిలబడి, "వాళ్ల పిల్లోల్లు బంగారమా, మా పిల్లోల్లు మట్టా?" అని నిలదీశారు. నాకూ కోపమొచ్చింది. సరే, ఇక ఎవరినీ ఎక్కించుకోను, అందరికీ సమానం అని చెప్పేశాను. పెద్ద న్యాయం చేసినట్టు ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

తర్వాత కారు నన్ను తొమ్మిదింటికల్లా బడి ముందు దించేది. దారిలో దుమ్ము పడుతుందని, మా ఆయన పెట్టిన కారు డ్రైవరు అద్దాలు ఎత్తేవాడు. లోపల కూర్చొని నేను ముందు సీటు కింద కాళ్లతో తాళం వేస్తూ ఉండేదాన్ని. ఎందుకో చిరాకు. తొందరగా పోతున్నాను, తొందరగా వస్తున్నాను, అయినా ఏదో ఇంట్లో మరిచిపోయి బయల్దేరినట్టు రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. బడి వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తుంటే హెడ్మాస్టరు, "ఏమమ్మా, ఏదన్నా పోగొట్టుకున్నారా?" అని అడిగాడు.

పోగొట్టుకున్నదేమిటో రిజిస్టరులో కనబడుతూనే ఉంది. నాకే కనబడలేదు. పదకొండు మంది తొమ్మిదయ్యారు, ఆరయ్యారు, నలుగురయ్యారు. ముసలామె మనవరాలు రెండు వారాలు రాలేదు, మధ్యలో ఒకరోజు వచ్చింది, మళ్లీ రాలేదు. వచ్చిన ఆ రోజు నేను దాన్ని నిలబెట్టి అడిగాను. తల వంచుకొని నిలబడింది. బొటనవేలితో నేల గీస్తోంది. "ఏడో తరగతి పరీక్షలున్నాయి, టమోటా కోతలకు పోతున్నావా? మీకు చదువు విలువ ఎప్పుడు తెలుస్తుంది?" అని పిల్లలందరి ముందూ కడిగేశాను. కోతలకు వెళ్తున్నారని నాకు నేనే తేల్చుకున్నాను. ఆ టమోటాలు వచ్చి పడేది మా మండీలోనేనన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. అది ఆ రోజు తర్వాత మళ్లీ రాలేదు.

కారు వచ్చిన మూడు నెలలకు ఒకరోజు మా ఆయనకు చింతామణిలో పనిపడి కారు తీసుకెళ్లాడు. నేను బస్సెక్కాను. అదే డ్రైవరు. "ఏమ్మా, కారు రిపేరా?" అన్నాడు. "ఊరికి పోయిందప్పా" అన్నాను. క్రాసులో దిగాను. రెండడుగులు వేశాను. వెనక రెండుసార్లు హారన్ మోగింది. ఉలిక్కిపడి, తిడదామని వెనక్కి తిరిగాను.

అప్పుడు కనబడింది. అటు పల్లెలో ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత ఇంకోటి. ఇటు పల్లెలో ఆడవాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని రోడ్డు వైపు చూస్తున్నారు. ఒకామె నూనె చేతులతో కూతుర్ని ముందుకు నెడుతోంది. "ఆరను ఇనపడ్లా? ఇంగో జడ ఎయ్యకపోతే ఏం, అట్లే పో! టీచరమ్మ దిగింది!" పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఏడుగురు. ఆమె కూడా కూతురి వెనకే మోరీ దాకా వచ్చింది.

నూనె చేతులామెను అడిగాను, ఆ హారన్ సంగతేమిటని. ఆమె నన్ను వింతగా చూసింది.

"నీకు తెలీదా? ఆరను రెండుతూర్లు కొడితే నువ్వు దిగినట్టు. కొట్టకపోతే లీవు పెట్టినట్టు. అది ఇనబడితేనే పిల్లోల్లను పంపేది. ఆ ముసలవ్వే డ్రైవరన్నకు సెప్పి పెట్టింది, మొదుట్లోనే."

"కార్లో వస్తానే ఉండాను గదమ్మా దినామూ."

"నువ్వు వస్తాండావు. మా పిల్లోల్లు ఎవురితో పోవల్ల?"

నేను ఏడుగురి తలలు లెక్కపెట్టి, ముసలామె మనవరాలు ఏదని అడిగాను. ఆమె నూనె చేతులు చీరకు తుడుచుకుంది. "దాని మాట ఇంగ యాలమ్మా. కుప్పం పక్క సమ్మందం. పోయిన వారమే తాంబూలాలు అయిపోయె."

ఆ రోజు ఏ పాఠం చెప్పానో నాకు గుర్తులేదు. సాయంత్రం పిల్లల్ని మోరీ దగ్గర వదిలి నేరుగా ముసలామె ఇంటికి వెళ్లాను. ఆమె గడప దగ్గర కూర్చొని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. లోపల సగం మూసిన తలుపు కింద పిల్ల పాదాలు కనబడుతున్నాయి. అవి ఒక్కచోట నిలవడం లేదు. నేను చాలా మాట్లాడాను. హాస్టలు, పరీక్షలు, వయసు, చట్టం, అన్నీ. ముసలామె చివరిదాకా వింది.

"నీ మీద కోపం ల్యాదమ్మా. నువ్వు నడిసినన్ని దినాలు నాకు బయం ల్యాకుండె. నువ్వు కారెక్కితివి. ఇది ఒంటిగా క్వారీ దావలో రెండు దినాలు పోయె, వాళ్లెవురో ఏమో అనిరంట. ఇంట్లో కూసోబెడితి. కూసున్న పిల్లను సూసి నలుగురూ అడగబట్టిరి. నేను ఎన్ని దినాలు ఉంటానో తెలీదు. మాట ఇచ్చేస్తి."

"నాకు చెప్పింటే?"

"దినామూ నీ కారు కాడ నిలబడి చెప్పల్లనా?"

ఇంకో రెండుసార్లు వెళ్లాను. మాట వెనక్కి తీసుకోమని బతిమాలాను. చట్టం ఉందని తెలిసి కూడా పోలీసు స్టేషను మెట్లెక్కే ధైర్యం నాకు లేకపోయింది. అది నా పిరికితనమే, దానికి వేరే పేరు పెట్టను. పెళ్లి జరిగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ పిల్ల పరీక్ష హాల్ టికెట్టు చాన్నాళ్లు నా బ్యాగులో పెట్టుకొని తిరిగాను.

కారెక్కనని చెప్పిన రోజు మా ఇంట్లో పెద్ద గొడవ. "కారు ఇంటి ముందర పెట్టుకొని బస్సులో యాలాడతావా? టమోటాలో మునిగిపోయినాడు, కారు అమ్మకానికి పెట్టినాడు అంటారు మండీలో! ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" అన్నాడు మా ఆయన. "ఉలిపికట్టెనే" అన్నాను. చెంబు విసిరేశాను కూడా. నా కోపం ఆయన మీద కాదని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు పొద్దున నా చెప్పులు తెగి ఉంటే చూసి, మండీకి పోతూ తనే కుట్టించుకొచ్చి గుమ్మంలో పెట్టాడు. కారు సంగతి మళ్లీ ఎత్తలేదు.

బస్సు డ్రైవరును కూడా నిలదీశాను. "ముందే నాకు యాల చెప్పలేదప్పా?" ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకొని రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"ఏమి చెప్పేదమ్మా? కారు కొనుక్కొని సంతోషంగా ఉండారు అనుకుంటి. మీరు ల్యాకపోయినా మొదుట్లో వారం దినాలు ఆరను కొడతానే వస్తి. ఆ ముసలామె మనవరాలు వచ్చి మోరీ కాడ నిలబడుకొని, నిలబడుకొని, ఎనక్కి పోతాండె. అద్దంలో కనపడతాండె నాకు. పాపమనిపించి మానేస్తి."

ఆ మాట విన్నాక నేను బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాను.

ఆ బడిలో ఇంకో ఆరేళ్లు పనిచేశాను. ఎండకూ వానకూ బస్సే, నడకే. మిగతా పదిమందిలో ఏడుగురు ఏడో తరగతి పాసయ్యారు. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం క్వారీ మలుపులో ఆ ఖాళీ బండ కనబడ్డ ప్రతిసారీ అడుగు తడబడేది.

రెండు వేలు దాటాక ప్రమోషన్ మీద నన్ను కుప్పం వైపు హైస్కూలుకు వేశారు. మా అబ్బాయి అప్పటికి మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి దగ్గర కాలేజీలో చేరాడు. మా ఆయన మండీ వదలడు. కుప్పంలో స్టేషనుకు దగ్గరగా ఒక గది తీసుకొని, శనివారం సాయంత్రం బస్సులో మదనపల్లె చేరేదాన్ని. పలమనేరు దాటి, పుంగనూరు దాటి, ఆ క్రాసు మీదుగానే. అక్కడ బస్సు ఆగేది కాదు. మా పాత డ్రైవరు రిటైరయ్యాడు. ఎవరూ హారన్ కొట్టరు. నేను మాత్రం కిటికీ లోంచి మోరీ వైపు చూసేదాన్ని.

కుప్పంలో గది నుంచి బడి నాలుగు కిలోమీటర్లు, పలమనేరు రోడ్డు మీద. నడిస్తే పొద్దున ప్రేయరుకు అందడం లేదు. నలభై దాటిన వయసులో సైకిలు నేర్చుకున్నాను. చీర కుచ్చెళ్లు చైనులో పడి రెండుసార్లు రోడ్డు మీద పడ్డాను. స్టేషను దగ్గర టీ అంగడి వాళ్లు, "స్కూటీ కొనుక్కోండి మేడం, ఈ వయసులో యాల మీకీ కష్టం?" అని జాలిపడేవాళ్లు. ఇంకో పని చేశాను. మా బడి ముందు సందులో పొద్దున అరగంట, సాయంత్రం అరగంట అడ్డంగా తాడు కట్టించాను. ఆటోలు, బండ్లు, పిల్లల్ని దించే కార్లు, అన్నీ తాడు బయటే. వచ్చినవాళ్లంతా నన్ను తిట్టారు. నేనూ తిట్టాను. తాడు మాత్రం విప్పలేదు.

ఒక జూన్ నెలలో, బడులు తెరిచిన వారం, సైకిలు మీద పోతుంటే రోడ్డు పక్కనుంచి ఎవరో పిలిచారు. "టీచరమ్మా!"

ఆగాను. చేతిలో సద్ది గిన్నె, నెత్తిన తువ్వాలు, పక్కన అయిదేళ్ల పాప. గుర్తుపట్టలేదు. అప్పుడామె నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. సైకిలు నా చేతిలోంచి జారిపోబోయింది.

 ముసలామె పోయి ఎనిమిదేళ్లయిందని చెప్పింది. భర్త మంచోడే అంది. తను పూల తోటలో పనికి పోతానంది.

"మీ కారేమయిందమ్మా?"

"ఉండాది. ఆయన తిరగతాడు. నేను ఎక్కను."

"యాల?"

ఆ ఒక్క మాటకు నా దగ్గర పదేళ్ల జవాబుంది.  "కాళ్లు ఊరుకోవు" అన్నాను. ఆమె నవ్వింది. తర్వాత పాప తల నిమురుతూ అడిగింది.

"దీన్ని మీ హైస్కూలు పక్క చిన్నబళ్లో ఏసినా. ఇది లారీలు తిరిగే రోడ్డు. నేను పొద్దున్నే పోతే గానీ పని ఇయ్యరు. మీతో పాటు పిల్సకపోతారా? సాయంత్రం మళ్లా ఈడికే తెచ్చి..."

"ఇడిసిపెడతా" అన్నాను.

ఆమె వెంటనే సరే అనలేదు. నా సైకిలును ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా చూసింది.

"దినామూ వస్తారా అమ్మా? మద్దెలో నిలిపేటట్టుంటే ఇప్పుడే చెప్పండి. పిల్ల దావలో నిలబడుకొని ఎదురు సూస్తాది."

ఆ మాటలో కోపం లేదు. అడగాల్సిన మాటే అడిగింది. "నిలపను" అన్నాను. లీవు పెట్టే రోజు ముందు రోజే వచ్చి చెబుతానన్నాను.  ఆమె తల ఊపింది.

మరుసటి రోజు అరగంట ముందే బయల్దేరాను. వాళ్లిల్లు కనబడే మలుపులో బెల్లు రెండుసార్లు కొట్టాను. పాప సంచి ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆమె పనికి పోకుండా గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను సైకిలు దిగి పాపతో నడుస్తానా లేదా అని చూస్తోంది.

దిగాను.